పెచ్చుల వెనక ఇనుము

పాతికేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాటు అమ్మకానికి వచ్చిందనుకుందాం. కొనదలచినవాళ్లు ముందు వకీలు దగ్గరికి వెళ్తారు. ఆయన లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాను మంజూరు పత్రం, పన్ను రసీదులు అన్నీ తిరగేసి హక్కు సరిగానే ఉందని రాసిస్తారు. తరవాత బ్యాంకు పంపిన వాల్యుయర్ వస్తారు. గదులు కొలిచి, ఫొటోలు తీసి, ఆ వీధిలో చదరపు అడుగు ఎంత పలుకుతోందో కనుక్కుని విలువ కడతారు. వాస్తు తెలిసినవారు వచ్చి దిక్కులు చూసి వెళ్తారు. ఇంతమంది వచ్చి వెళ్లినా పిల్లర్లలో ఇనుము ఎలా ఉందో, స్లాబులోకి నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో ఎవరూ చూడలేదు. జీవితంలో అన్నిటికంటే పెద్ద అప్పు చేసి కొంటున్న వస్తువును చూడాల్సిన పని ఎవరికీ అప్పగించలేదు.

మన చట్టం చదివితే ఈ వెలితి ఎంత పెద్దదో తెలుస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అమ్మేవారి మీద ఒక బాధ్యత పెట్టింది. ఆస్తిలో ముఖ్యమైన లోపం ఉండి, అది తనకు తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా వారి కంటపడనిదైతే అమ్మేవారు దాన్ని చెప్పి తీరాలి. ఆ చివరి షరతు దగ్గర కాస్త ఆగాలి. మామూలుగా చూస్తే కంటపడే లోపమైతే చెప్పే పూచీ లేదన్నమాట. స్టిల్టు పార్కింగ్‌లో పిల్లరు మూల వెంబడి నిలువునా ఒక చీలిక ఉంది. బండి పెట్టడానికి వచ్చిన ప్రతివాళ్లకీ అది కనిపిస్తుంది. దాని అర్థం మాత్రం అందరికీ కనిపించదు. భవనాన్ని పరీక్షించి ఆ అర్థం చెప్పే బిల్డింగ్ సర్వేయర్ అవసరం అక్కడే పడుతుంది.

బ్రిటన్‌లో ఇదొక స్థిరపడిన వృత్తి. 1868లో లండన్‌లో ఏర్పడిన సర్వేయర్ల సంస్థకు 1881లో రాజశాసనం దక్కింది. ఇవాళ ఆర్ఐసీఎస్ అని పిలిచేది దాన్నే. అక్కడ ఇల్లు కొనేవాళ్లు మూడంచెల తనిఖీల్లో తమకు తగినది ఎంచుకుని సర్వేయర్‌ని పెట్టుకుంటారు. ఆ దేశంలో ఈ వృత్తికి జవాబుదారీ ఎలా వచ్చిందో చెప్పే కేసు ఒకటుంది. మన ఊళ్లలో ఫ్లాట్లు కొనేవాళ్లకు కూడా అది తెలియాలని నా కోరిక.

నార్విచ్ అనే ఊళ్లో 1980లో ఒక మహిళ 18,000 పౌండ్లకు చిన్న ఇల్లు కొన్నారు. సొంతంగా సర్వే చేయించుకోలేదు. అప్పు ఇచ్చే సంస్థ తన కోసం చేయించుకున్న విలువ నివేదిక ప్రతి ఒకటి ఆమెకు అందింది. చెప్పుకోదగ్గ మరమ్మతులేమీ అక్కర్లేదని అందులో ఉంది. ఆ మాట నమ్మి కొన్నారు. పద్దెనిమిది నెలలకు పొగగొట్టం ఇటుకలు అటక మీదినుంచి పడకగది కప్పు చీల్చుకుని కిందపడ్డాయి. జరిగిందేమిటంటే, అంతకుముందు ఎవరో గదులు విశాలంగా ఉండాలని పొగగొట్టానికి ఆధారంగా ఉన్న కట్టడాన్ని మేడమీది గదుల్లో తీసేశారు. దాన్ని తీసేసినట్టు సర్వేయర్ గమనించాడు కూడా. అయితే పైన మిగిలిన బరువును ఇప్పుడేది మోస్తోందని అటకలోకి ఎక్కి చూడలేదు. 1989లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ, ఆ సర్వేయర్ ఇంటి కొనుగోలుదారుకు బాధ్యుడేనని తీర్పిచ్చింది. తనను నియమించింది అప్పు ఇచ్చే సంస్థ అన్న సాకు చెల్లలేదు, నివేదికలో రాసుకున్న పూచీ లేదన్న వాక్యమూ నిలవలేదు.

సర్వే చేసేవాళ్లందరికీ ఆ కేసులో ఒక పాఠం ఉంది. ఒక అనుమానం కనిపించాక దాని జాడ పట్టుకుని చివరిదాకా వెళ్లాలి. మన అపార్ట్‌మెంట్లలోనూ హాలు పెద్దది చేయాలని గోడలు కొట్టేస్తారు, ఏసీ పైపుల కోసం బీములకు చిల్లులు పొడుస్తారు, వంటగది మార్చి గచ్చు మీద గచ్చు వేస్తారు. పై అంతస్తులో జరిగిన మార్పు కింది అంతస్తు బీము మీద పడుతుంది.

ఇక మన భవనాల అసలు సంగతికి వద్దాం. మన అపార్ట్‌మెంట్లు కాంక్రీటు, ఇనుము కలిసి బరువు మోసే కట్టడాలు. నొక్కుడును కాంక్రీటు భరిస్తుంది, సాగుడును ఇనుము భరిస్తుంది. విడిగా గాలిలో పెడితే తుప్పు పట్టే ఇనుము కాంక్రీటులో దశాబ్దాలపాటు తుప్పు లేకుండా ఎలా ఉంటోంది? సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడి సున్నం, పుడుతుంది. దానివల్ల కాంక్రీటు లోపలి తేమ చాలా క్షారంగా ఉంటుంది, పీహెచ్ 12.5 నుంచి 13 దాకా. అంత క్షారంలో ఇనుప ఊచ ఒంటి మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఆ పొర ఉన్నంతకాలం తుప్పు దాదాపు ఆగిపోయినట్టే. కంటికి కనిపించని ఆ పొర మీదే అయిదంతస్తుల భవనం ఆయుష్షు ఆధారపడి ఉంది.

ఆ పొరను చెరిపేది మనం పీల్చే గాలే. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉండేది 0.04 శాతమే. అది కాంక్రీటు సూక్ష్మరంధ్రాల్లోంచి మెల్లగా లోపలికి వెళ్లి, సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. సున్నం అయిపోయిన చోట పీహెచ్ 9 కంటే కిందికి దిగుతుంది. దీన్నే కార్బొనేషన్ అంటారు. ఇది పైనుంచి లోపలికి ఒక సరిహద్దులా జరుగుతూ వస్తుంది. ఆ సరిహద్దు ఊచను తాకిన రోజున ఆక్సైడు పొర కరిగిపోతుంది. అక్కడినుంచి నీరూ ఆక్సిజనూ అందితే చాలు, తుప్పు మొదలైనట్టే.

సరిహద్దు ఎంత వేగంగా జరుగుతుందో చెప్పే లెక్క చాలా సులువు. లోతు కాలానికి వర్గమూలం లెక్కన పెరుగుతుంది. రెండింతల లోతుకు వెళ్లాలంటే నాలుగింతల కాలం పడుతుంది. ఓ మోస్తరు కాంక్రీటులో మొదటి ఏడాది 4 మిల్లీమీటర్లు వెళ్లిందనుకుంటే, 20 మిల్లీమీటర్లు చేరడానికి 25 ఏళ్లు కావాలి. అదే ఊచ 10 మిల్లీమీటర్ల లోతులోనే ఉంటే ఆరేళ్ల పైచిలుకు చాలు. ఊచకీ కాంక్రీటు పైతలానికీ మధ్య ఉండే ఈ మందాన్నే సైటులో కవర్ అంటారు. సగం కవర్ తగ్గితే సగం ఆయుష్షు తగ్గుతుందని మేస్త్రీలే కాదు, కొందరు ఇంజనీర్లూ అనుకుంటారు. తగ్గేది ముప్పాతిక వంతు.

కాంక్రీటు కట్టడాలకు మన ప్రమాణ గ్రంథమైన ఐఎస్ 456, 2000 నాటి సంచికలో, పొడిగా ఉండే చోట స్లాబుకు 20 మిల్లీమీటర్లు, ఓ మాదిరి తేమ తగిలే చోట 30, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట 45 మిల్లీమీటర్ల కవర్ ఉండాలంది. మామూలు పిల్లర్లకు ఎక్కడైనా 40 తగ్గకూడదు. దీన్ని నిలబెట్టేవి రూపాయల్లో ఖరీదు చేసే చిన్న కవర్ బ్లాకులు. అవి పెట్టకపోతే, లేదా పెట్టిన తరవాత కాంక్రీటు పోసేవాళ్లు ఊచల మీద నడిచి తొక్కేస్తే, ఊచలు జారి సెంట్రింగ్ పలకను ఆనుకుంటాయి. సెంట్రింగ్ విప్పిన రోజున ప్లాస్టరింగ్‌తో కప్పేస్తారు. ఆ తప్పు పది పన్నెండేళ్లకు పెచ్చులుగా ఊడి బయటపడుతుంది. తుప్పు తాను తిన్న ఇనుముకు రెండు నుంచి ఆరింతల చోటు ఆక్రమిస్తుంది. లోపలినుంచి అంత ఒత్తిడి పుట్టాక కాంక్రీటు పగలక తప్పదు.

ఇలా వచ్చిన పగులు తన గుర్తును తానే చెబుతుంది. పిల్లరు మూలలో ఊచ ఉన్న దారినే నిలువుగా, బీము అడుగున పొడవునా, స్లాబు అడుగున జానెడు జానెడు దూరంలో సమాంతర గీతలుగా వస్తుంది. దగ్గర్లో గోధుమరంగు మరక కూడా కనిపించిందంటే ఇక అనుమానం అక్కర్లేదు. విశాఖపట్నం, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో కథ మరో దారిన నడుస్తుంది. అక్కడ ఉప్పులోని క్లోరైడు, పీహెచ్ తగ్గకముందే ఆక్సైడు పొరను అక్కడక్కడా పొడిచి లోతైన గుంటలు చేస్తుంది. పైన పెద్దగా పగులు కనిపించకుండానే లోపల ఊచ సన్నబడిపోతుంది. క్లోరైడు సముద్రం నుంచే రావాలని లేదు, కాంక్రీటు కలిపిన నీటిలోంచీ రావచ్చు. 2022 ఫిబ్రవరిలో గురుగ్రామ్‌లో ఒక బహుళ అంతస్తుల భవనం పాక్షికంగా కూలి ఇద్దరు చనిపోయారు. పరిశీలించిన ఐఐటీ ఢిల్లీ నిపుణులు ఆ కాంక్రీటులో క్లోరైడ్లు ఉన్నట్టు తేల్చి, ఆ టవరు మరమ్మతుకు లొంగదని చెప్పారు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరది. బోరు నీళ్లతో కట్టిన భవనం కొనేముందు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఈ తెలివిడితోనే తనిఖీకి దారి వేసుకోవాలి. సర్వేకి పిలిచినప్పుడు నేను ఫ్లాటులోకి చివర్లో వెళ్తాను. అమ్మేవాళ్లు రంగులు వేసి సిద్ధం చేసేది ఫ్లాటునే. అందుకే స్టిల్టు పార్కింగ్‌తో మొదలుపెట్టి మిద్దె మీదికి వెళ్లి, లిఫ్టు గది, ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగు, పిట్టగోడ, వర్షపు పైపులు చూసుకుంటూ కిందికి దిగుతాను. కార్బొనేషన్ పొడి పొడిగా ఉన్న కాంక్రీటులో త్వరగా సాగుతుంది, తుప్పుకేమో తడి కావాలి. కాబట్టి తడుస్తూ ఆరుతూ ఉండే చోట్లే ముందు చెడతాయి. అంటే బాత్రూము కింది సంకెన్ స్లాబులు, సజ్జలు, బాల్కనీ అంచులు, ట్యాంకు కింది బీములు. పడకగది స్లాబులో కార్బొనేషన్ ఊచను దాటి వెళ్లినా, పొడిగా ఉంటే ఏళ్ల తరబడి ఏమీ కాకపోవచ్చు. మిద్దె గోడలో రావి మొక్క మొలిస్తే పీకేసి వదిలేయకూడదు. వేరు దిగిన చోట పగులూ ఉంది, ఎండాకాలంలో కూడా ఆరని తేమా ఉంది.

పరికరాల్లో మొదటిది చిన్న సుత్తి. తట్టుకుంటూ పోతే గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, లోపల విడిపోయినది డొల్లగా పలుకుతుంది. కవర్ ఎంతుందో చెప్పే అయస్కాంత పరికరం రెండోది. దీనికి గోడ పగలగొట్టనక్కర్లేదు. మూడోది ఫినాల్ఫ్తలీన్. కాంక్రీటును కొద్దిగా చెక్కి, దుమ్ము దులిపి, ఆ తాజా ముఖం మీద చల్లితే, క్షారం మిగిలిన చోట ముదురు గులాబి రంగు వస్తుంది, పోయిన చోట రంగే రాదు. రంగు లేని పట్టీని స్కేలుతో కొలిస్తే సరిహద్దు ఎంతదాకా వచ్చిందో మిల్లీమీటర్లలో తెలిసిపోతుంది. పాతికేళ్ల భవనంలో అది 15 మిల్లీమీటర్లు ఉండి, ఊచ 20 మిల్లీమీటర్ల లోతులో ఉంటే, వర్గమూలం లెక్కన ఇంకా పందొమ్మిదేళ్లు పడుతుంది. కొనేవారి ఇరవయ్యేళ్ల అప్పుతో ఆ అంకెను పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు, చదువురాని పెద్దవాళ్లకూ విషయం ఇట్టే బోధపడుతుంది.

స్విట్జర్లాండ్ ఇంజనీరు ఎర్నెస్ట్ ష్మిట్ 1940ల చివర్లో తయారుచేసిన రీబౌండ్ హామర్ గురించి మాత్రం ఒక హెచ్చరిక. స్ప్రింగు సుత్తి కాంక్రీటును కొట్టి ఎంత వెనక్కి ఎగిరితే కాంక్రీటు అంత గట్టిదని దాని సూత్రం. కార్బొనేషన్ వల్ల పుట్టే కాల్షియం కార్బొనేట్ రంధ్రాలను నింపి పైతలాన్ని గట్టి చేస్తుంది. అందువల్ల జబ్బు ముదిరిన కాంక్రీటుకే ఎక్కువ మార్కులు పడతాయి. కొన్నిసార్లు అసలు బలం కంటే 50 శాతం ఎక్కువ చూపవచ్చని భారతీయ ప్రమాణమే హెచ్చరించింది. కేవలం ఈ అంకెలు చూపించి భవనం దృఢంగా ఉందని రాసిన నివేదికలను నేను నమ్మను. దీనితోపాటు అల్ట్రాసోనిక్ తరంగ వేగం చూడాలి, అవసరమైతే కోర్ తీసి ప్రయోగశాలలో నలగ్గొట్టించాలి. గోడలో చెమ్మను కొలిచే రెండు సూదుల మీటరుదీ ఇలాంటి సమస్యే. అది కొలిచేది విద్యుత్తు ఎంత సులువుగా పారుతోందో మాత్రమే. గోడకు ఉప్పు పూసి ఉంటే, తడి ఆరిపోయినా ముల్లు చివరిదాకా వెళ్తుంది.

ఇంట్లో అందరినీ భయపెట్టే పగుళ్లలో చాలావాటికి బలంతో సంబంధమే లేదు. ప్లాస్టరింగ్ మీద సాలెగూడులా అల్లుకున్న సన్నని గీతలు తడపడం తక్కువైనందువల్ల వచ్చినవి. బీముకీ ఇటుక గోడకీ మధ్య అడ్డంగా, పిల్లరుకీ గోడకీ మధ్య నిలువుగా తిన్నగా వచ్చినవి రెండు వేర్వేరు పదార్థాలు ఎండకు వేర్వేరుగా వ్యాకోచించినందువల్ల వచ్చినవి. ఐమూలగా, మెట్లు మెట్లుగా, ఒక కొస వెడల్పుగా ఒక కొస సన్నగా ఉన్నవి వేరే రకం. పునాదిలో ఒక భాగం కదిలిందని అవి చెబుతాయి. పగులు లోపలి అంచుకు పాత రంగు అంటుకుని ఉంటే కదలిక ఏనాడో ఆగిపోయింది. అంచు శుభ్రంగా ఉంటే ఇంకా తెరుచుకుంటోంది. ఖాయంగా తెలియాలంటే పగులుకు అడ్డంగా గాజు పలక అతికించి, తేదీ రాసి, వానాకాలం ఎండాకాలం రెండూ గడిచేదాకా చూడాలి. కొనేవారికి అంత వ్యవధి ఉండదు, అందుకే చుట్టుపక్కల ఇళ్ల గోడలు కూడా చూస్తాను. గుంటూరు, కర్నూలు వైపు నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను నీరు తాగి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. అక్కడ వీధి మొత్తం ఇళ్ల గోడలు ఒకేలా చీలి ఉంటాయి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్‌రీమ్డ్ పైళ్ల పద్ధతిని రూపొందించింది. ఆ నేలలో ఇల్లు కొనేటప్పుడు పునాది ఏ రకందని అడగడం మొదటి ప్రశ్న కావాలి.

స్టిల్టు గురించి ఇంకో మాట. 2001 భుజ్ భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కింద గోడలు లేని పార్కింగ్ అంతస్తే ఉంది. పైన గోడలతో బిగువుగా ఉన్న అంతస్తులన్నీ ఒక్క ముద్దగా ఊగితే, వంగే భారమంతా కింది పిల్లర్ల మీద పడుతుంది. ఆ మరుసటేడు సవరించిన ఐఎస్ 1893 ప్రమాణం అలాంటి పిల్లర్లను లెక్కకు వచ్చిన బలానికి రెండున్నర రెట్లకు డిజైన్ చేయాలంది. హైదరాబాదు కంటే భూకంప ముప్పు ఎక్కువున్న మూడో జోన్‌లో అదే ప్రమాణం చేర్చిన విజయవాడలో 2002కు ముందు కట్టిన స్టిల్టు అపార్ట్‌మెంట్ కొనేవాళ్లకు ఈ తేదీ చెప్పకుండా నేను నివేదిక ముగించను.

అన్నీ చూశాక అందరూ ఒకటే అడుగుతారు: “కొనొచ్చా సార్, వద్దా?” అవునని కాదని ఒక్క మాటలో చెప్పడం నాకిష్టం ఉండదు. ఏ లోపానికి వెంటనే పని కావాలి, దేనికి అయిదేళ్లలో కావాలి, దేన్ని గమనిస్తూ ఉంటే చాలు, నేను చూడలేకపోయిన చోట్లు ఏవి, ఇవన్నీ విడివిడిగా రాస్తాను. ఫాల్స్ సీలింగ్ వెనక ఏముందో చూడకుండా బాగుందని రాయడం కొనేవారిని మోసగించడమే. పెచ్చులూడిన స్లాబు ఉన్న ఫ్లాటు తగిన ధరకు మంచి బేరం కావచ్చు. చెడిన కాంక్రీటు చెక్కేసి, ఊచలు శుభ్రం చేసి, కావలసిన చోట కొత్త ఊచ చేర్చి పాలిమర్ మోర్టారుతో పూడ్చడం తెలిసిన పనే. నిన్నగాక మొన్న ఒక్క పిల్లరుకే కొత్త రంగు పడిన భవనం గురించే నాకు దిగులు.

ఫ్లాటులో కొనేవారికి ఇంకో చిక్కుంది. పిల్లర్లూ మిద్దే ఉమ్మడి సొత్తు, ఒక్కరే బాగుచేయించుకోలేరు. అందుకే అసోసియేషన్ మినిట్స్ పుస్తకం, బ్యాంకు ఖాతాలో నిల్వ, గత పదేళ్లలో చేయించిన వాటర్‌ప్రూఫింగ్ బిల్లులు అడిగి చూడమంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది బయానా ఇచ్చేశాకే వస్తున్నారు, అప్పటికి ధర మాట్లాడే అవకాశం చేజారిపోతోంది. భవన పరీక్షలో పెద్ద లోపం తేలితే బయానా తిరిగివ్వాలన్న షరతు ఒప్పందంలో రాయించుకుంటే ఆ బాధ ఉండదు.

కొత్త ఫ్లాటు కొనేవాళ్లకు రెరా చట్టం 14వ సెక్షన్ అండ ఉంది. స్వాధీనం చేసిన తేదీ నుంచి అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి కొనుగోలుదారు తెలియజేస్తే, ముప్పై రోజుల్లో ఉచితంగా సరిచేయాల్సింది బిల్డరే. స్వాధీనపు ఉత్తరం, తేదీలతో ఫొటోలు, రాతపూర్వకంగా పంపిన ఫిర్యాదుల నకళ్లు ఒక్కచోట దాచిపెట్టుకోవాలి. అయిదో ఏడు నిండడానికి ఆర్నెల్ల ముందు ఒకసారి ఇంజనీరును పిలిచి, స్టిల్టు నుంచి మిద్దె దాకా కవర్, కార్బొనేషన్ రెండూ కొలిపించుకుంటే, తేలిన లోపాన్ని బిల్డరు ఖర్చుతోనే సరిచేయించుకునేందుకు గడువు ఇంకా మిగిలి ఉంటుంది.